స్వస్థలానికి పొమ్మంటే ఎక్కడికి పోవాలి?

మహారాష్ట్రలోని సంగమ్‌నేర్ నుంచి 1969లో ఒక చెప్పులు కుట్టే మనిషి బొంబాయికి వచ్చాడు. ఊళ్లో ఉన్నప్పుడు రోజుకు ఏడెనిమిది రూపాయలు వచ్చేవి. ఇల్లు అని చెప్పుకునేది ఒకటి ఉండేది, అదీ కూలిపోయింది. బొంబాయిలో నెలకు 350 రూపాయల బద్లీ పని దొరికింది. అంటే రోజువారీ పనివాళ్లు రానప్పుడు వాళ్ల బదులు నిలబడే పని. తులసీవాడిలో ఫుట్‌పాత్ మీద నాలుగు అడుగుల జాగా కోసం అక్కడి గూండాకు 300 రూపాయలు కట్టాడు. వెదురు బొంగులకు, ప్లాస్టిక్ షీట్లకు ఇంకో 700 అయింది. అంటే మూడు నెలల జీతం దాకా పోసి అతను కొనుక్కున్నది ఫుట్‌పాత్ మీద ఒక కప్పు.

ఈ వివరాలు ఏ కథలోనివో కావు. ఓల్గా టెల్లిస్ కేసుగా పేరుపడ్డ సుప్రీంకోర్టు తీర్పులోనే ఉన్నాయి. అతనితో పాటు పిటిషన్ వేసిన ఇంకొకరు తమిళనాడులోని సేలం నుంచి వచ్చిన భూమిలేని కూలీ. కరువు వల్ల పని పోయి 1961లో బొంబాయి చేరాడు. వెస్టర్న్ ఎక్స్‌ప్రెస్ హైవే పక్కన ప్లాస్టిక్ కప్పు కోసం 2,500 రూపాయలు సమర్పించుకున్నాడు. తీర్పులో వీళ్ల ఊళ్లున్నాయి, వచ్చిన ఏడాదులున్నాయి, కూలి లెక్కలున్నాయి. కులం మాత్రం లేదు. చెప్పులు కుట్టడం అనే పని ఉంది గానీ ఆ పని ఒక మనిషి మీదికి ఎలా వచ్చి పడుతుందో చెప్పే ముక్క లేదు.

మన న్యాయ విద్యార్థులు ఈ తీర్పును జీవనోపాధి హక్కు పాఠంగా చదువుకుంటారు. మేము దాన్ని ఇంకో వైపు నుంచి చదవాలనుకుంటున్నాం. నగరం కష్టాల్లో పడినప్పుడల్లా ఇల్లు లేని మనిషిని చూసి 'ఎక్కడి నుంచి వచ్చావు, అక్కడికే పో' అనే మాట ఎందుకు పుడుతుంది? ఆ మాట దళితుల విషయంలో అసలు ఏమని అర్థం? ఈ రెండు ప్రశ్నలకు ముంబై చరిత్రలో దొరికినంత సాక్ష్యం మరెక్కడా దొరకదు.

1981 జూలై 13న అప్పటి ముఖ్యమంత్రి ఎ.ఆర్. అంతూలే ఒక ప్రకటన చేశారు. బొంబాయి ఫుట్‌పాత్‌ల మీద ఉంటున్న వాళ్లందరినీ బలవంతంగానైనా ఖాళీ చేయించి ఎవరి స్వస్థలాలకు వాళ్లను పంపేస్తాం, లేదా నగరం అవతల దించేస్తాం అన్నారు. అప్పుడు నడి వానాకాలం. పైగా చూపిన కారణం కూడా వానే. ఆ బలహీనమైన కప్పుల కింద వానాకాలంలో మనుషులు ఉండలేరు, అది అమానుషమైన బతుకు, అందుకే తీసేస్తున్నాం అన్నారు. కప్పు బాగాలేదు కాబట్టి కప్పే లేకుండా చేయడం అన్నమాట. జూలై 23న గుడిసెలు కూల్చారు. మనుషుల్ని బస్సులెక్కించారు.

పాత్రికేయురాలు ఓల్గా టెల్లిస్, పౌరహక్కుల సంఘాలు, ఫుట్‌పాత్ నివాసులు కోర్టుకెక్కారు. నాలుగేళ్ల తర్వాత, 1985 జూలై 10న, ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్ నాయకత్వంలోని అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. 21వ అధికరణంలోని జీవించే హక్కులో జీవనోపాధి హక్కు కూడా ఉందని, బతుకుతెరువు తీసేస్తే బతుకు తీసేసినట్టేనని చెప్పింది. వీళ్లు ఫుట్‌పాత్ మీద ఉంటున్నది పని దగ్గరగా ఉండటం కోసమేననీ, అక్కడి నుంచి లేపేస్తే పని కూడా పోతుందనీ ఒప్పుకుంది. ఇంతవరకు అందరికీ తెలిసిందే.

తక్కువగా చెప్పుకునేది తర్వాతి భాగం. ఫుట్‌పాత్ మీద ఇల్లు కట్టుకునే హక్కు ఎవరికీ లేదని అదే తీర్పు చెప్పింది. ముందస్తు నోటీసు లేకుండా తొలగించే అధికారమిచ్చే మున్సిపల్ చట్టంలోని 314వ సెక్షన్ చెల్లుతుందని చెప్పింది. వానాకాలం అయిపోయాక ఒక నెల ఆగి, అంటే 1985 అక్టోబర్ 31 తర్వాత, ఖాళీ చేయించవచ్చని గడువు పెట్టింది. 1976 జనగణనలో కార్డు దక్కిన వాళ్లకు మాత్రం వేరే చోటు చూపించాలని ఆదేశించింది. హక్కు అందరికీ దక్కింది, జాగా మాత్రం 1976 నాటి కాగితం ఉన్నవాళ్లకే దక్కింది. ఆ 1976 అనే అంకెను గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాం.

ఇప్పుడు స్వస్థలం సంగతి. తీర్పు వచ్చిన సరిగ్గా వారానికి, 1985 జూలై 17న, ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగల మీద కమ్మ భూస్వాములు దాడి చేశారు. ఆరుగురిని చంపారు, ఆడవాళ్ల మీద అత్యాచారాలు చేశారు. బతికి బయటపడ్డ వాళ్లు చీరాలకు పరిగెత్తారు. శిబిరంలో ఉన్నారు. ఆ తర్వాత ప్రభుత్వం, పెద్దమనుషులు ఊరికి తిరిగి వెళ్లమని చెప్పినా వాళ్లు వెళ్లలేదు. చీరాలలోనే చోటు కావాలని పోరాడారు. విజయనగర్ కాలనీ అలా వచ్చింది. తెలుగు దళిత ఉద్యమం పుట్టింది ఆ శిబిరంలోనే అని మనందరం చెప్పుకుంటాం. ఆ ఉద్యమం మొట్టమొదటి డిమాండ్లలో ఒకటి 'మేం ఊరికి తిరిగిపోం' అన్నదని చెప్పుకోవడం మరిచిపోతుంటాం.

ఒకే నెలలో ఒకచోట దేశపు అత్యున్నత న్యాయస్థానం స్వస్థలాలకు పంపేయడం న్యాయమా కాదా అని తేలుస్తోంది. ఇంకోచోట దళితులు స్వస్థలం అంటేనే చావు అని తేల్చేస్తున్నారు. రెండో తీర్పు మొదటిదాని దాకా చేరలేదు.

ఆధిపత్య కులాల మనిషికి సొంతూరు అంటే పొలం, పండగ, చావిడి, కష్టమొస్తే ఆదుకునే చుట్టం. నగరం ఆడించినన్నాళ్లు ఆడి కాలం కలిసిరాకపోతే వెనక్కి వెళ్లడానికి ఒక చోటు. దళితులకు ఊరు అంటే ఊరి బయట వాడ. ఆ వాడకు చేరే దారిలో ఎవరి పొలం గట్టు దాటాలో వాళ్ల దయ. అంబేడ్కర్ 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో గ్రామాన్ని కీర్తించే వాళ్లను నిలదీసింది ఇందుకే. అంతకు ముందే 1942లో నాగ్‌పూర్‌లో షెడ్యూల్డ్ కులాల సమాఖ్య మహాసభ, దళితులకు హిందూ గ్రామాలకు దూరంగా వేరే ఊళ్లు కట్టివ్వాలని తీర్మానం చేసింది. ఊరు వదలడాన్ని ఒక ఆర్థిక అవసరంగానే కాదు, రాజకీయ కార్యక్రమంగా చూశారు వాళ్లు.

బొంబాయికి చేరిన దళితుల వెనక కథలు అన్నీ కూలి కోసం మొదలైనవి కావు. 1972 కరువు మరాఠ్వాడను ఎండగట్టినప్పుడు వచ్చినవాళ్లున్నారు. మరాఠ్వాడ విశ్వవిద్యాలయానికి అంబేడ్కర్ పేరు పెడుతూ 1978 జూలైలో శాసనసభ తీర్మానం చేస్తే, ఆ కోపంతో పల్లెపల్లెనా దళిత వాడలు తగలబెట్టారు. అప్పుడు ఊళ్లు విడిచి నగరాలకు వచ్చిన కుటుంబాలున్నాయి. జనాభా లెక్కల కాగితం మీద వీళ్లంతా 'వలస' అనే ఒకే గడిలో పడతారు. ఇల్లు కాలి పారిపోయి వచ్చిన మనిషీ, వ్యాపారం పెద్దది చేసుకుందామని వచ్చిన మనిషీ ఆ గడిలో పక్కపక్కనే కూర్చుంటారు. సరిహద్దు దాటి వస్తే కాందిశీకుడు అనేవాళ్లు. జిల్లా దాటి వస్తే ఆ మాట కూడా లేదు.

మన వైపు నుంచీ దారి ఉంది. తెలంగాణ పల్లెల్లో 'బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి' అని మూడు మాటల్లో బతుకులు చెప్పేవారు. ముంబైలోని కామాఠీపుర అనే పేరే నైజాం ఇలాకా నుంచి వెళ్లి ఆ నగరాన్ని రాయీ రాయీ పేర్చి కట్టిన కామాఠీ కూలీల వల్ల వచ్చింది. ఇప్పుడు ఆ పేరు చెబితే లోకానికి వేరే గుర్తొస్తుంది. కట్టిన వాళ్లు ఎవరో ఎవరికీ గుర్తు లేదు.

నగరం వచ్చినంత మాత్రాన కులం పోలేదు. బొంబాయి మిల్లుల్లో నేత విభాగంలో జీతం ఎక్కువ. అందులోకి మహార్లను రానిచ్చేవారు కాదు. ఎందుకంటే కండె అయిపోయినప్పుడు కొత్త దారాన్ని నాడెలోంచి నోటితో పీల్చి తీయాలి. అంటరానివాడి నోరు తగిలిన నాడెను సవర్ణ కార్మికుడు ముట్టడు. ఎర్రజెండా కింద సమ్మె చేసే కార్మికుడే ఆ మాట అన్నాడు. 1928 సమ్మెలో అంబేడ్కర్ ఈ నిషేధాన్ని ఎత్తివేయాలని పట్టుబట్టింది అందుకే. తక్కువ జీతం వచ్చే విభాగంలో ఉన్నవాడికి తక్కువ గది దొరుకుతుంది, అదీ దొరకనివాడికి ఫుట్‌పాత్. ఇంత సూటిగా ఉంటుంది లెక్క.

డబ్బుంటే ఇల్లు దొరుకుతుందా అంటే అదీ లేదు. అంబేడ్కర్ కొలంబియాలో, లండన్‌లో చదివి 1917లో బరోడా సంస్థానంలో ఉద్యోగానికి వెళ్తే ఉండడానికి ఒక్క గది దొరకలేదు. పార్సీ పేరు పెట్టుకుని పార్సీ సత్రంలో ఉన్నారు. పదకొండో రోజు కర్రలు పట్టుకున్న గుంపు వచ్చి వెళ్లగొట్టింది. ఒక హిందూ మిత్రుణ్ని అడిగితే, నువ్వొస్తే మా పనివాళ్లు వెళ్లిపోతారన్నాడు. ఒక క్రైస్తవ మిత్రుడు భార్యను అడిగి చెప్తానన్నాడు. ఆయన ఒక పార్కులో గంటల తరబడి కూర్చుని రాత్రి రైలెక్కి బొంబాయి తిరిగొచ్చేశారు. అదంతా ఆయనే రాసిపెట్టారు. జేబులో జీతం, చేతిలో విదేశీ చదువు ఉన్న మనిషి ఆ సాయంత్రం ఇల్లు లేని మనిషే. మాలో హైదరాబాద్‌లో అద్దె గది కోసం తిరిగిన ప్రతివాళ్లకూ 'మీరేమిట్లు?' అన్న ప్రశ్న తెలుసు. ఇప్పుడు దాన్ని 'నాన్‌వెజ్ వండుతారా?' అని కాస్త మర్యాదగా అడుగుతున్నారు.

నగరం బాగున్నంతకాలం వలస వచ్చినవాడు చవక చేతులు. నగరం కుంగినప్పుడు అతనే సమస్య. బొంబాయి 1982లో కుంగింది. జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. ఆ సమ్మె ముగియలేదు, మెల్లగా కరిగిపోయింది. మిల్లులు ఒకటొకటిగా మూతపడ్డాయి. పర్మనెంటు కొలువులు, వాటి మీద ఆధారపడ్డ చాల్ గదులు, అరువిచ్చే కిరాణా కొట్లు, ఖానావళులు అన్నీ కూలాయి. ఆ కోపం యజమానుల మీదికి పోలేదు. పోనివ్వలేదు.

పరాయివాడు ఎవరు అన్న ప్రశ్నకు ముంబైలో జవాబు ఎన్నిసార్లు మారిందో చూడండి. 1966లో శివసేన పుట్టినప్పుడు పరాయివాళ్లు దక్షిణాది వాళ్లు. ఆఫీసుల్లో గుమాస్తా ఉద్యోగాలు లుంగీవాలాలు తన్నుకుపోతున్నారని నినాదం. 1974 జనవరిలో వర్లీ బీడీడీ చాళ్లలో దళిత పాంథర్ల సభ మీద రాళ్లు పడ్డాయి. ఆ తర్వాతి ఊరేగింపు మీద మేడ పైనుంచి రుబ్బురాయి విసిరితే భాగవత్ జాధవ్ చనిపోయాడు. వర్లీ దళితులు మరాఠీ మాట్లాడేవాళ్లే, మహారాష్ట్రలో పుట్టినవాళ్లే. భూమిపుత్రులు అనే మాటలో మాత్రం వాళ్లకు చోటు లేదు. భూమి లేనివాడు భూమిపుత్రుడెలా అవుతాడు?

1990ల్లో పరాయివాడు 'బంగ్లాదేశీ' అయ్యాడు. 1998 జూలైలో ముంబై పోలీసులు కొందరు బెంగాలీ ముస్లిం కూలీలను సరిహద్దు దాటించడానికి రైల్లో తీసుకెళ్తుంటే పశ్చిమ బెంగాల్‌లోని ఉలుబేరియా స్టేషన్‌లో జనం రైలును అడ్డుకుని విడిపించారు. 2008లో పరాయివాడు ఉత్తర భారతీయుడు. రైల్వే పరీక్ష రాయడానికి వచ్చిన పిల్లలను కొట్టారు. 2025లో మళ్లీ బంగ్లాదేశీ. ఆ ఏడాది మహారాష్ట్రలో పట్టుకుని సరిహద్దు అవతలికి తోసేసిన వాళ్లలో కొందరు భారత పౌరులేనని తేలి వెనక్కి తీసుకురావాల్సి వచ్చింది. భాష మారింది, మతం మారింది, రాష్ట్రం మారింది. మారనిది ఒక్కటే, ప్రతిసారీ ఆ పేరు పడ్డది రెక్కల కష్టం తప్ప ఆస్తి లేని వాళ్ల మీద. గుజరాత్ నుంచి వచ్చిన వజ్రాల వ్యాపారిని ఎవరూ స్వస్థలానికి పంపలేదు.

'నగరం ఎంతమందినని మోస్తుంది?' అనేది ఈ వాదానికి ఉన్న మర్యాదస్తుల రూపం. మంచి చదువరులు, పర్యావరణం మీద ప్రేమ ఉన్నవాళ్లు కూడా అంటుంటారు. అంకెలు చూద్దాం. 2001లో బృహన్ముంబై జనాభా సుమారు 1 కోటి 20 లక్షలు. 2011లో 1 కోటి 24 లక్షలు. పదేళ్లలో పెరిగింది 4 శాతం కూడా లేదు. దక్షిణాన పాత ద్వీప నగరంలోనైతే జనాభా 33 లక్షల నుంచి 31 లక్షలకు తగ్గింది. సరిగ్గా ఆ దశాబ్దంలోనే, నగరం వలసలతో మునిగిపోతోందంటూ వీధుల్లో మనుషుల్ని కొట్టారు. 2011లో ముంబైలో మురికివాడల్లో ఉన్నవాళ్లు 52 లక్షలు. ఖాళీగా తాళాలేసి ఉన్న ఇళ్లు దాదాపు 4 లక్షల 80 వేలని కేంద్ర ప్రభుత్వ 2017-18 ఆర్థిక సర్వేనే చెప్పింది, దేశంలో అన్ని నగరాల కంటే ఎక్కువ. ఇళ్లు లేక కాదు, ఇళ్లున్నది ఉండడానికి కాకపోవడం వల్ల.

భూమి కూడా లేక కాదు. మూతపడ్డ మిల్లుల కింద నగరం నడిబొడ్డున దాదాపు 600 ఎకరాలున్నాయి. 1991 నిబంధన ప్రకారం ఆ భూమిని అభివృద్ధి చేస్తే మూడో వంతు కార్పొరేషన్‌కు ఖాళీ స్థలంగా, మూడో వంతు ప్రభుత్వ ఇళ్ల కోసం పోవాలి, మిగిలింది యజమానికి. 2001లో ఒక సవరణ వచ్చింది. మొత్తం భూమిలో కాదు, అప్పటికే కట్టడాలు లేకుండా ఖాళీగా ఉన్న భూమిలో మాత్రమే ఆ పంపకం అన్నారు. మిల్లు అంటేనే కట్టడం కదా, ఖాళీ ఎంత ఉంటుంది? 2006లో సుప్రీంకోర్టు ఈ సవరణను నిలబెట్టింది. పరేల్‌లో, లోయర్ పరేల్‌లో మాల్స్, కార్యాలయాలు, ఆకాశాన్నంటే అపార్ట్‌మెంట్లు లేచాయి. ఒక్క పదాన్ని తిరగరాయడంతో ఎన్ని వేల పేదల ఇళ్లు మాయమయ్యాయో ఆలోచించండి. దాని మీద రాళ్లేసిన సేనలు మాత్రం లేవు.

ఇక ఆ 1976 దగ్గరికి వద్దాం. మురికివాడల జనగణన చేసి ఆ ఏడాది ఫోటోపాస్‌లు ఇచ్చారు. అక్కడి నుంచి ముంబైలో ఇంటి హక్కు ఒక తేదీకి ముడిపడింది. ఆ తేదీకి ముందు వచ్చావా, తర్వాత వచ్చావా? దాన్నే కటాఫ్ అంటారు. 1976 తర్వాత 1980, ఆ తర్వాత 1985, 1995 జనవరి 1, 2000 జనవరి 1, ఇప్పుడు డబ్బు కట్టే షరతుతో 2011 జనవరి 1. ఎన్నికల లెక్కలు చూసుకుని ముందుకు జరుపుతూ వచ్చారు. తేదీకి ముందు ఉన్నట్టు ఓటరు జాబితాలో పేరుంటే పునరావాస పథకంలో ఉచితంగా ఇల్లు. మొదట్లో 225 చదరపు అడుగులు, ఇప్పుడు 300. పేరు లేకపోతే బుల్‌డోజర్.

ఒక ఊహ చేద్దాం. కారంచేడు నుంచి పారిపోయిన కుటుంబాల్లో ఒకటి చీరాలలో ఆగకుండా బొంబాయి రైలెక్కిందనుకోండి. 1985 జూలై చివర్లో ఏదో నాలా పక్కన గుడిసె వేసుకుంది. 1985 జనవరి 1 కటాఫ్ ప్రకారం వాళ్లు ఆక్రమణదారులు. కటాఫ్ 1995కు జరిగిన రోజు వాళ్లు ఉచిత ఇంటికి అర్హులు. మధ్యలో వాళ్లేమీ చేయలేదు. అదే గుడిసె, అవే గిన్నెలు, అదే భయం. ఊళ్లో తమను చంపడానికి వచ్చినవాళ్లు ఏడు నెలలు ముందు వచ్చి ఉంటే వీళ్లు మొదటి నుంచీ చట్టబద్ధమైన పౌరులు అయ్యుండేవారు.

ధారావిలో ఇప్పుడు నడుస్తున్నది ఇదే లెక్క. ధారావి అంటే తిరునల్వేలి నుంచి వచ్చిన తోలు పనివాళ్లు, మహారాష్ట్ర చాంభార్లు, సౌరాష్ట్ర కుమ్మరులు, ఊళ్లో ముట్టుకోని పనులతోనే దేశానికి సంచులూ బెల్టులూ అందించిన చోటు. 2022లో పునర్నిర్మాణం టెండరు అదానీ సంస్థకు దక్కింది. 2000 జనవరి 1కి ముందు నుంచి కింది అంతస్తులో ఉన్నట్టు రుజువున్న వాళ్లకు ధారావిలోనే 350 చదరపు అడుగుల ఇల్లు. 2000 నుంచి 2011 మధ్య వచ్చినవాళ్లు రెండున్నర లక్షలు కడితే ధారావి బయట ఇల్లు. ఆ తర్వాత వచ్చినవాళ్లకు, మేడ మీద గదుల్లో ఉన్నవాళ్లకు బయట అద్దె పద్ధతిలో ఇల్లు. బయట అంటే ఉప్పు మళ్ల భూములు, దేవనార్ చెత్త డంపు. పని పక్కన ఉండటానికే జనం ఫుట్‌పాత్ మీద పడుకుంటారని 1985లో కోర్టు రాసింది. ఇప్పుడు పని ధారావిలో, ఇల్లు చెత్తకుప్ప పక్కన.

ఈ నిచ్చెనలో దళితులు ఎక్కడున్నారు? 2011 లెక్కల్లో దేశంలోని పట్టణ జనాభాలో షెడ్యూల్డ్ కులాలవారు 12.6 శాతం ఉంటే మురికివాడల్లో 20.4 శాతం. కటాఫ్ ఏ కులాన్నీ పేరు పెట్టి తీసేయదు. కాగితాన్ని మాత్రమే అడుగుతుంది. ఏటేటా గుడిసె మారేవాడు, వానలో పెట్టె కొట్టుకుపోయినవాడు, కూల్చివేతలో కార్డు పోగొట్టుకున్నవాడు, సీజనుకు ఊరు పోయి ఓటరు జాబితాలో పేరు పోగొట్టుకున్నవాడు ఓడిపోతాడు. ఊళ్లో ఇంటి పట్టా లేనివాడే నగరంలో ఫోటోపాస్ లేనివాడవుతాడు.

ఇంకో రకం ఇల్లు ఉంది, దాని గురించి హౌసింగ్ చర్చల్లో ఎవరూ మాట్లాడరు. ముంబై కార్పొరేషన్ సఫాయి కార్మికుల క్వార్టర్లు. ఉద్యోగం ఉన్నంతకాలమే ఇల్లు. తండ్రి రిటైరైనా చనిపోయినా కుటుంబం ఖాళీ చేయాలి. లాడ్-పాగే కమిటీ సిఫారసుల వల్ల ఆ ఉద్యోగం పిల్లల్లో ఒకరికి వారసత్వంగా దక్కుతుంది. ఇది హక్కుగా కనిపిస్తుంది, పోరాడి సాధించుకున్నదే. కానీ లోపల జరిగేది వేరు. డిగ్రీ చదివిన కొడుకు, తల్లీ చెల్లెళ్లూ రోడ్డున పడకూడదంటే చీపురు పట్టాలి. ఇల్లే కులవృత్తికి కట్టేసే పలుపు. ఇతను వలసదారు కాదు, నగరంలోనే పుట్టాడు, తాతలనాటి నుంచీ ఆ నగరాన్ని ఊడుస్తున్నారు. అతనికి సొంత ఇల్లు మాత్రం లేదు. కాబట్టి ఇల్లు లేకపోవడానికి కారణం వలస అని వాదించేవాళ్లు ముందు ఈ క్వార్టర్ల గుమ్మంలోకి రావాలి.

మన లోపలి మాట కూడా ఒకటి చెప్పకుండా పోతే ఈ వ్యాసం నిజాయితీగా ఉండదు. ముంబైలో పాత దళిత బస్తీలు కొన్ని కటాఫ్‌ను సమర్థించాయి, ఇప్పటికీ సమర్థిస్తాయి. ఎందుకు సమర్థించరు? కాగితం ఉన్నవాడికి ఆ కాగితం విలువ కాపాడుకోవాలని ఉంటుంది. తర్వాత వచ్చిన ఉత్తరప్రదేశ్ చర్మకారుడు, బెంగాలీ ముస్లిం కూలీ తన ఇంటిలో వాటా అడుగుతాడన్న భయం ఉంటుంది. పాంథర్ల వ్యవస్థాపకుల్లో ఒకరైన నామ్‌దేవ్ ఢసాల్ చివరికి శివసేన పత్రికలో కాలమ్ రాశారు. 2011లో రాందాస్ అఠావలే శివశక్తి-భీమశక్తి అంటూ సేనతో పొత్తు పెట్టుకున్నారు. 1974లో వర్లీలో రుబ్బురాయి పడ్డ దెబ్బ గుర్తున్నవాళ్లకు ఇది ఎలా మింగుడు పడిందో మాకు అర్థం కాదు. అయినా కేవలం ద్రోహం అని కొట్టిపారేయలేం. దశాబ్దాలు ఎదురుచూసిన వాళ్లకు 300 చదరపు అడుగులు చిన్న విషయం కాదు. కటాఫ్ పని చేసేది అలాగే. పేదల్ని రెండుగా చీల్చి, ముందు వచ్చినవాళ్ల చేతే తర్వాత వచ్చినవాళ్లను బయటికి నెట్టిస్తుంది.

ఘాట్కోపర్‌లోని మాతా రమాబాయి అంబేడ్కర్ నగర్ ఈ సందిగ్ధాన్ని మొత్తం తనలో మోస్తోంది. మరాఠ్వాడ నుంచి, ఇతర జిల్లాల నుంచి వచ్చిన బౌద్ధులు కట్టుకున్న బస్తీ అది. 1997 జూలై 11 పొద్దున అంబేడ్కర్ విగ్రహానికి చెప్పుల దండ వేసి ఉంది. జనం రోడ్డెక్కారు. రిజర్వ్ పోలీసులు కాల్చారు. పదిమంది చనిపోయారు. నాలుగు రోజులకు, జూలై 15న, ములుంద్‌లో ఒక గుడిసెలో గాయకుడు విలాస్ ఘోగ్రే ఉరేసుకున్నాడు. 1985లో ఆనంద్ పట్వర్ధన్ తీసిన 'హమారా షహర్' చిత్రంలో, బొంబాయి గుడిసెల కూల్చివేతల మధ్య నిలబడి పాడింది ఆయనే. నగరం ఎవరిది అని పాడిన గొంతు, తన వాళ్ల మీద తూటాలు పడ్డ వారంలోనే ఆగిపోయింది. ఇప్పుడు అదే రమాబాయి నగర్‌లో ప్రభుత్వ సంస్థలు పెద్ద పునర్నిర్మాణ పథకం మొదలుపెట్టాయి. ఈస్టర్న్ ఫ్రీవే పొడిగింపు ఆ బస్తీ మీదుగా పోతుంది. కాల్పుల్లో బిడ్డను పోగొట్టుకున్న ఇల్లయినా సరే, జాబితాలో అర్హులు, అనర్హులు అనే రెండు వరసల్లో ఏదో ఒకదాంట్లో నిలబడాల్సిందే.

పోల్చి చూడదగింది వర్లీ. 1920ల్లో బ్రిటిష్ ప్రభుత్వం కట్టిన బీడీడీ చాళ్లలో గది 160 చదరపు అడుగులు. అక్కడివాళ్లకు కిరాయి రసీదులున్నాయి, చట్టం దృష్టిలో వాళ్లు కిరాయిదారులు. దశాబ్దాల పోరాటం తర్వాత 2025 ఆగస్టులో మొదటి విడత కుటుంబాలకు 500 చదరపు అడుగుల ఫ్లాట్ల తాళాలు ఇచ్చారు. కిరాయిదారుకు 500, మురికివాడలో అర్హుడికి 300, అనర్హుడికి సున్నా. ఇందులో ఎవరి అవసరం ఎంత, ఎవరింట్లో ఎంతమంది అన్న ప్రశ్న ఎక్కడా లేదు.

హైదరాబాద్‌లో ఈ భాష కొత్తగా నేర్చుకుంటున్నారు. 2024లో హైడ్రా వచ్చింది, ఆ తర్వాత మూసీ ఒడ్డున ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో 'ఆర్‌బీ-ఎక్స్' అని గుర్తులు పెట్టారు. చాదర్‌ఘాట్ దగ్గర మూసానగర్, శంకర్‌నగర్‌లలో కుటుంబాలను డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లకు తరలించారు. టీవీ చర్చల్లో, వాట్సాప్ గ్రూపుల్లో వినబడ్డ ప్రశ్నలు ముంబై నుంచి అరువు తెచ్చుకున్నవే. వీళ్లు ఎప్పుడొచ్చారు? ఎక్కడి నుంచి వచ్చారు? అసలు ఈ ఊరివాళ్లేనా? రొహింగ్యాలున్నారటగా? చెరువు శిఖాన్ని మింగిన వెంచర్ యజమాని ఏ జిల్లావాడో అడిగిన గొంతు మాకు వినపడలేదు.

విద్యార్థి మిత్రులు సర్వేల సమయంలో బస్తీలకు వెళ్తున్నారు, అది మంచి పని. వెళ్లినప్పుడు ఆధార్, కరెంటు బిల్లు, ఓటరు కార్డు ఉన్నాయా అని చూసి రాసుకోవడంతో ఆగకండి. ఊరు ఎందుకు విడిచారని అడగండి. ఊళ్లో ఇల్లు ఎవరి పట్టా భూమిలో ఉండేదని, వాడకు దారి ఉండేదా అని అడగండి. సుప్రీంకోర్టు రికార్డులో ఆ సంగమ్‌నేర్ మనిషి గురించి ఇల్లు కూలిపోయిందని ఒక్క మాట మాత్రమే ఉంది. అది వానకు కూలిందో, మరి దేనికి కూలిందో ఎవరూ అడిగి రాయలేదు.